ఎలాగూ దారే కదా!
(ప్రపంచ వారసత్వ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ పేరుపేరునా దండాలు. పేరుపేరునా అన్నానే గానీ పేర్లు చదవను. ఆ పని ఇప్పటికే రెండుసార్లు జరిగింది, నా అరగంటలోంచే జరిగింది.

నాకిచ్చిన విషయం: సొంతంగా బండి మాట్లాడుకుని ఒక్కరోజులో పాత కట్టడాలు, పల్లెటూళ్లు చూసి రావడమెలా. బండి, దారి, తిండి, చూసేవి అని నాలుగు ముక్కలుగా చెబుదామని కాగితం రాసుకున్నాను. చూద్దాం, ఎంతవరకు సాగుతుందో.

ముందు మీలో ఎంతమంది హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో రామప్ప, వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట, వస్తూ వస్తూ పెంబర్తి, వీలైతే యాదగిరిగుట్ట అని ప్లాను వేశారో చేతులెత్తండి. పర్లేదు, ఎత్తండి. అందరూ వేసే ప్లానే అది. ఇప్పుడు లెక్క కడదాం. ఇక్కణ్నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట సుమారు 210 కిలోమీటర్లు. టిఫినుకు ఆగకుండా పోయినా నాలుగు గంటలు. రానూపోనూ ఎనిమిది. పొద్దున ఐదింటికి బయల్దేరి రాత్రి తొమ్మిదికి ఇంటికి చేరాలంటే మొత్తం పదహారు గంటలు. అందులో సగం సీటులోనే పోయింది. మిగిలిన ఎనిమిదిలో భోజనం, టీలు, బాత్‌రూములు, చెప్పులు విడవడం, తొడగడం, ఒకాయన ఫోన్‌లో మాట్లాడుతూ వెనకబడిపోతే వెతకడం. ఇక చూసేదెప్పుడు?

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి రామప్ప. గణపతిదేవుడి సేనాని ఆయన. ఎర్ర ఇసుకరాతి గుడి, చూరు కింద మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాలు, పైన నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో శిఖరం. 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అలాంటి దాన్ని నలభై నిమిషాల్లో చుట్టేసి, పక్కనే ఘనపురంలో ఉన్న కోటగుళ్లను వదిలేసి వస్తున్నాం. రాతి ప్రాకారం లోపల ఇరవైకి పైగా చిన్నాపెద్దా గుళ్లు, జనం పలచగా ఉండే చోటు. దాన్ని వదిలేసేది "టైం లేదు" అని. రామప్పను ఒక్కరోజులో పెట్టకండి. ముందురోజు సాయంత్రం హనుమకొండ చేరి పడుకోండి, పొద్దున్నే గుడి దగ్గరుండండి. తూర్పుముఖం గుడి, పొద్దుటి వెలుగు మీకోసమే పడుతుంది. మిట్టమధ్యాహ్నమైతే చూరు నీడలో మదనిక ముఖం కనపడదు, కింద అరుగు మీద కాలు నిలవదు. రామప్ప గురించి ఇంతే. ఇవాళ అడిగింది ఒక్కరోజు కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను.

ఒక్కరోజుకు సరిపోయే దారి పోచంపల్లి, కొలనుపాక, పెంబర్తి. మూడే. మొత్తం తిరుగుడు 230 కిలోమీటర్లకు అటూఇటూ. ఒకచోట నేత, ఒకచోట పాత గుళ్లు, ఒకచోట ఇత్తడి పని. నాలుగోది కలపొద్దు. భువనగిరి కోట కలపొద్దు. అది నున్నటి ఏకశిల, ఎండలో ఎక్కేది కాదు, దానికి వేరే పొద్దు కావాలి. యాదగిరిగుట్ట అసలే కలపొద్దు. ఆలేరు దాటుతుంటే బండిలో ఎవరో ఒకరు అంటారు: "ఎలాగూ దారే కదా, దర్శనం చేసుకునిపోదాం." ఈ ఐదు మాటలు పాడుచేసినన్ని ప్లాన్లు పంక్చర్లు కూడా పాడుచేయలేదు. ఆదివారం, కార్తీక మాసం, పైగా క్యూ లైను. దేవుడి దగ్గరికి దేవుడి కోసమే ఒకరోజు పోవాలి గానీ దారిలో ఉన్నాడని పోవడమేమిటండీ?

సరే, బండి. అవుట్‌స్టేషన్ కిరాయి అంటే రోజుకు కనీసం 250 లేదా 300 కిలోమీటర్లకు కడతారు. మీరు 230 తిరిగినా బిల్లు ఆ కనీసానికే వస్తుంది. మీటరు మీ ఇంటి దగ్గర మొదలవదు, వాళ్ల షెడ్డు దగ్గర మొదలవుతుంది. డ్రైవర్ బత్తా వేరు, టోల్ వేరు, పార్కింగ్ వేరు, రాత్రి ఫలానా గంట దాటితే ఇంకో బత్తా. ఇవన్నీ ముందే వాట్సాప్‌లో రాయించుకోండి, నోటిమాట వద్దు. పసుపు ప్లేటు బండే మాట్లాడండి. తెలిసినాయన తెల్ల ప్లేటు బండి వెయ్యి రూపాయలు తక్కువకు వస్తుందని ఎక్కితే, ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు. ఇన్నోవాలో కాగితం మీద ఆరుగురు. వెనక సీట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి గంటన్నర తిప్పితే దిగేటప్పటికి మోకాళ్లు పట్టేస్తాయి. ఐదుగురే వెళ్లండి. ఐదుగురనడానికి ఇంకో కారణం కూడా ఉంది, చెబుతాను.

డ్రైవర్ ముందురాత్రి ఎన్నింటికి పడుకున్నాడో అడగండి. అర్ధరాత్రి దాకా ఎయిర్‌పోర్ట్ ట్రిప్పు కొట్టి పొద్దున ఐదింటికి మీ గేటు ముందు నిలబడితే, మధ్యాహ్నం భోజనం తర్వాత అతని కళ్లు మీ చేతిలో ఉండవు. అతని భోజనం మీతోపాటే, మీరు తినేచోటే. దాన్ని లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు అసలు మాట. చాలామంది ప్లాను రాళ్లతో మొదలుపెడతారు. ముందు గుడి, తర్వాత కోట, మిగిలితే ఊరు. సాయంత్రం ఆరున్నరకు ఊరికి చేరతారు. మగ్గం మీంచి మనిషి దిగిపోయి ఉంటాడు, కొలిమి చల్లారి ఉంటుంది. ఇక మిగిలింది షాపు. షాపులో చీర కొనుక్కుని "పల్లెటూరు చూశాం" అంటారు. ఇలా ఎందుకు జరుగుతుందంటే, గుడి తొమ్మిదింటికీ ఉంటుంది, మూడింటికీ ఉంటుంది. పని చేసే మనిషి ఉండడు. కాబట్టి తిరగేయండి: ముందు మనిషి, తర్వాత రాయి.

ఇవాళ ఏప్రిల్ 18 కదా. వారసత్వ దినమని మనం ఇక్కడ కూర్చున్నాం గానీ, 1951లో సరిగ్గా ఇదే తేదీన పోచంపల్లిలో ఏం జరిగిందో తెలుసు కదా మీకు. వినోబా భావే నడుచుకుంటూ వచ్చారు. నడుచుకుంటూ! బత్తా లేదు, టోల్ లేదు. వచ్చి దళితవాడకు పోయి మీకేం కావాలని అడిగారు. నలభై కుటుంబాలు ఎనభై ఎకరాలు కావాలన్నాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది, ఊరి పేరు భూదాన్ పోచంపల్లి అయింది. ఊరికి వచ్చినవాడు మొదట అడగాల్సిన ప్రశ్న అది: మీకేం కావాలి? ఇవాళ మనం బండి దిగి అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "డిస్కౌంట్ ఎంత?"

నా కాగితం ఇక్కడితో పక్కకుపోయింది, క్షమించాలి. పోచంపల్లి గురించే చెబుతాను.

నేతగాడికి కూలి వార్పు లెక్కన, అంటే మగ్గానికి ఎక్కించిన ఒక్కో పడుగు లెక్కన వస్తుంది, గంటల లెక్కన కాదు. మీరు అరగంట మాట్లాడిస్తే అరగంట నేత ఆగింది. అందుకని వారం ముందు ఫోన్ చేసి, ఎవరి ఇంటికి వస్తున్నారో, ఎంతసేపుంటారో, దానికి ఎంత ఇస్తారో అనుకుని వెళ్లండి. కెమెరాకు పోజు పెట్టమని అడగకండి. మగ్గం మీది చీర అమ్మమని అడగకండి. చాలాసార్లు ఆ నూలు మాస్టర్ వీవర్ ఇచ్చింది, చీర ఆయనదే, నేసినవాడు దాన్ని అమ్మలేడు. ఐదుగురే రమ్మన్నది ఎందుకంటే, మగ్గం గది చిన్నది, వెలుతురు ఒక్క కిటికీలోంచి వస్తుంది. ఎనిమిదిమంది నిలబడితే నేసేవాడికి పోగు కనపడదు.

ఏ రోజు వెళ్లాలి? క్యాలెండర్‌లో సెలవు చూడటం కాదు, అమావాస్య చూడండి. చాలా ఇళ్లలో అమావాస్యనాడు మగ్గం ముట్టరు. గట్టి వానల్లో వెళ్లకండి. గుంట మగ్గం కదా, కాళ్లు పెట్టే గుంటలో చెమ్మ ఊరుతుంది, నేత ఆగిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. ఏప్రిల్‌లో సభలు పెట్టుకోవాలి, తిరక్కూడదు.

పొద్దున ఆరింటికి బయల్దేరి, దారిలో టిఫిన్ చేసి ఎనిమిదిన్నరకు ఊళ్లో ఉండండి. రెండు గంటలు. ముందు మగ్గం చూడొద్దు, ఆసు చూడండి. అర్ధచంద్రం ఆకారంలో మేకులు దిగేసిన చట్రం. మధ్య మేకు నుంచి ఒక్కొక్క మేకుకూ పోగును తీసుకెళ్లి తీసుకురావాలి. ఒక్క చీరకు వేలసార్లు చేయి ఊపాలి. ఎక్కువగా ఆడవాళ్ల పని, భుజాలు పడిపోతాయి. ఈ బాధ చూసి ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం ఉన్న ఇల్లూ, చేతి ఆసు ఉన్న ఇల్లూ రెండూ చూస్తే గానీ ఆయన చేసిన మేలు అర్థం కాదు.

ఆ తర్వాత చిటికి. గ్రాఫ్ కాగితం చూసి పోగుల కట్ట మీద గుర్తులు పెడతారు. రంగు పట్టకూడని చోట సన్నగా కోసిన సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి బిగిస్తారు. తేలిక రంగులో ముంచుతారు, ఆరేస్తారు, ఇంకోచోట కడతారు, ముదురు రంగులో ముంచుతారు. ఆఖరుకు బ్లేడుతో రబ్బరు కోస్తే, చుట్టూ మెరూన్ రంగు మధ్యలో గోరంత తెలుపు బయటపడుతుంది. అంచు పదునుగా ఉండదు, కొద్దిగా ఊరినట్టు ఉంటుంది. ఆ ఊరినట్టుండటమే ఇక్కత్. అది మీ కళ్ల ముందు జరిగే నిమిషం కోసమే ఈ ప్రయాణం. అచ్చు వేసిన నకిలీలో అంచు కత్తితో కోసినట్టుంటుంది, చీర తిరగేస్తే వెనక వెలవెలబోతుంది. అసలు దానిలో ముందూ వెనకా ఒకటే. ఇది తెలుసుకున్నాక షాపుకు వెళ్లండి, అప్పుడు బేరం ఆడాలని కూడా అనిపించదు.

పదిన్నరకు కదలండి. కదలరని నాకు తెలుసు. రెండో షాపు ఉంటుంది. షాపింగ్‌కు ముప్పావుగంట అని బండిలోనే ఒప్పందం చేసుకోండి. ఇక్కడ గంట జారితే కొలనుపాకలో భోజనం పోతుంది.

కొలనుపాక ఆలేరు నుంచి ఆరు కిలోమీటర్లు లోపలికి. జైన దేవాలయానికి దేశం నలుమూలల నుంచీ యాత్రికులు వస్తారు. భోజనశాలలో వేళకు వెళితేనే భోజనం. ఉల్లి, వెల్లుల్లి ఉండవు, సూర్యాస్తమయం తర్వాత పెట్టరు. ఎంతమంది వస్తారో ముందురోజే చెప్పండి. తోలు బెల్టులు, పర్సులు బండిలో వదిలేయండి, లోపల ఫోటోల సంగతి గుమ్మం దగ్గరే అడగండి. మధ్యాహ్నం పన్నెండుకు ఇక్కడికి చేరమనడంలో ఉద్దేశముంది: ఆ ఎండవేళ నీడపట్టున ఉంటారు. తర్వాత సోమేశ్వరాలయం. గర్భగుడి మధ్యాహ్నం మూసి ఉండొచ్చు, ఫర్వాలేదు. కళ్యాణి చాళుక్యుల నాటి శిల్పాలూ శాసనాలూ ఆవరణలోనే ఉన్నాయి. మందపాటి సాక్సులు ఒక జత సంచిలో పెట్టుకోండి, రాతినేల మీద చెప్పుల్లేకుండా నడవాలి. ఇక అక్కడి మ్యూజియం సంగతి: చిన్న ఊళ్ల మ్యూజియాల్లో తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఆయన భోజనానికి పోతే అంతే సంగతులు. రాష్ట్ర మ్యూజియాలకు శుక్రవారం సెలవు మామూలే కాబట్టి శుక్రవారం పెట్టుకోకండి.

పెంబర్తికి మూడింటికి. హైవే పక్కనే, జనగామ రాకముందే. వెతకనక్కర్లేదు, సుత్తి చప్పుడు దారి చూపిస్తుంది. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క దిమ్మ మీద అతికించి, ఉలితో వెనకనుంచి ఉబ్బెత్తు తెస్తారు, తిప్పి ముందునుంచి గీతలు తీరుస్తారు. ధ్వజస్తంభాల తొడుగులు, మకరతోరణాలు, దేవుడి వాహనాలు. 2010లో జీఐ, అంటే ఫలానా ఊరి పని అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడా ఫోన్ ముఖ్యం, ఎందుకంటే తొడుగు బిగించడానికి పనివాళ్లు పొరుగూళ్ల గుళ్లకు పోతారు, నాలుగు రోజులు ఇంట ఉండరు. నాలుగుంబావుకు బయల్దేరితే సాయంత్రం రద్దీ ముదరకముందే ఉప్పల్ చేరతారు. అప్పుడే బండిలో మళ్లీ వినపడుతుంది చూడండి, "ఎలాగూ దారే కదా, గుట్టకు..." వద్దండీ.

చీటీ అందింది, రెండు నిమిషాలట. నీళ్లు మనిషికి మూడు లీటర్లు. పది, ఇరవై, యాభై నోట్లు. ఫోన్‌పే అన్నిచోట్లా పనిచేస్తుంది, సిగ్నల్ ఉంటే. ఆడవాళ్లకు బాత్‌రూము ఎక్కడని ప్రతి మజిలీకీ ముందే రాసుకోండి. పెట్రోల్ బంకు, భోజనశాల, మీరు కబురు పెట్టిన ఇల్లు. ఈ ఒక్కటి రాసుకోకపోవడం వల్ల నీళ్లు తాగకుండా తిరిగి, సాయంత్రానికి తలనొప్పితో ఇంటికి చేరే ఆడవాళ్లు ఎంతమందో ఈ హాల్లోనే ఉన్నారు.

ఇంటికి వెళ్లగానే డిసెంబరు పేజీ తీసి అమావాస్యను కొట్టేయండి, శుక్రవారాలు కొట్టేయండి. మిగిలిన వాటిలో ఒక శనివారం ఎంచుకుని, బండికి కాదు, ముందు నేతగాడికి ఫోన్ చేయండి. వెనక వరసలో అమ్మగారు ఇందాకటి నుంచి చేయి ఎత్తి ఉంచారు. చెప్పండమ్మా, అడగండి. గుట్ట గురించైతే మాత్రం...