కొండెక్కేటప్పుడు సంచిలో ఏ పుస్తకం పెట్టుకోవాలి?

నమస్కారం అప్పా, అందరూ బాగున్నారా? ఈసారి షూటింగ్ కర్నూల్లో, మా ఇంట్లోనే. ఫ్యాన్ శబ్దం వస్తే కొంచెం సర్దుకోండి, ఆపితే నేను ఉండలేను, బయట ఎండ అట్లుంది. టేబుల్ మీద ఉన్నవన్నీ మన కొండల మీద వచ్చిన పుస్తకాలే. వీటిని ఇంట్లో కూర్చుని చదివి మార్కులు వెయ్యలేదు, ఏ పుస్తకంలో ఏ కొండ ఉందో ఆ కొండకే తీసుకుపోయి అక్కడ చదివాను. అందుకే దీని అట్ట చూడండి, చెమటకి రంగు దిగిపోయింది. నా ప్రశ్న ఒకటే: ఈ పుస్తకం కొండ మీద పనికొస్తుందా లేదా?

ముందు ఈ సన్నవి. అహోబిలంలో టెంకాయలమ్మే అంగళ్లలో దొరికే స్థల పురాణాలు. ముప్పై రూపాయలు, నలభై రూపాయలు. తొమ్మిది నరసింహస్వాముల కథలూ బాగానే చెబుతాయి, మా అమ్మకి ఇస్తే ఒక్క మధ్యాహ్నంలో అయిపోగొట్టింది. కానీ చేతిలో పట్టుకుని ఉగ్రస్తంభానికి బయల్దేరితే, స్తంభం చీల్చుకుని స్వామి ఎట్లా వచ్చాడో ఉంటుంది గానీ మనం ఎట్లా పోవాలో ఉండదు. భవనాశి వాగు పక్కన బండలు ఎంత జారతాయో, నీళ్లు ఎక్కడ నింపుకోవాలో ఒక్క ముక్క లేదు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికీ శ్రీశైలానికీ మెట్లు కట్టించాడంటే, నడిచేవాళ్ల కష్టం ఆ రాజుకి తెలిసింది కదా, ఈ పుస్తకాలేసిన వాళ్లకి ఎందుకు తెలియలేదో! సరే, ముప్పై రూపాయలకి ఇంతకన్నా అడగకూడదు.

తర్వాత కడప జిల్లా కైఫియత్తులు. ఇవి కొంచెం బరువు, చేతికీ బుర్రకీ. రెండు వందల ఏళ్ల కిందట కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరూ తిరిగి, ఊరు ఎట్లా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ పాళెగాడు ఎవరితో కొట్లాడాడు అని రాయించిన కాగితాలివి. తర్వాత బ్రౌన్ దొర వీటికి నకళ్లు రాయించి పెట్టాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే, ఎర్రముక్కపల్లెలో, ఇప్పుడు ఆయన పేరు మీద గ్రంథాలయం ఉంది. కైఫియత్తులు పుస్తకాలుగా వేసింది కూడా ఆ కేంద్రమే. కడపకి పోయినప్పుడు గంట టైం పెట్టుకుని చూసి రండి.

దీన్ని గండికోటకి తీసుకుపోయాను. అక్కడికి పోయేవాళ్లలో ఎక్కువమంది లోయ అంచున ఫోటో దిగి, టెంట్‌లో పడుకుని, పొద్దున్నే వచ్చేస్తారు, నేనూ మొదటిసారి అంతే చేశాను. పుస్తకం చేతిలో ఉంటే కాళ్లు వేరే దారి పడతాయి. ఎర్రమలను కోసుకుంటూ పోయే పెన్న మీద కోట ఎందుకు కట్టారో ఆ బండ మీద కూర్చుని చదివితే వెంటనే అర్థమవుతుంది, ఒకపక్క నది, ఇంకోపక్క గోడ, శత్రువు వచ్చేదెట్లా? వచ్చాడు మరి, గోల్కొండ సేనాని మీర్ జుమ్లా. పెమ్మసాని వాళ్ల కోట ఆయన చేతికి పోయింది. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఆయన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. భాష మాత్రం కష్టం, ముందే చెబుతున్నా. ఒకదానికొకటి అతుక్కుపోయిన వాక్యాలు, శకాల్లో లెక్కలు, కరణం గారి కచేరీ మాటలు. నాకు పేజీకి పది నిమిషాలు పట్టింది, నిద్ర కూడా పట్టింది.

ఇప్పుడు అసలుది. ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర. కాశీ పుస్తకం మన కొండల లిస్టులో ఎందుకు అంటారేమో, ఆయన పోయింది మన మీదుగానే నాయనా! మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసే మనిషి, 1830 మే 18న దాదాపు వంద మందితో బయల్దేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ ఉత్తరానికి పోయాడు. 1838లో అచ్చయింది. ఈయన రాసే పద్ధతి నాకు తెగ నచ్చింది. ఊరు వచ్చిందంటే దిగడానికి చోటుందా, అంగళ్లున్నాయా, నీళ్లు ఎట్లా ఉన్నాయి, దారి రాళ్లదా ఇసుకదా, ముందు అది చెబుతాడు. దేవుడి సంగతీ చెబుతాడు, కానీ మనిషికి దాహం వేస్తుందని మర్చిపోడు. చెంచుల గురించి రాస్తాడు, శ్రీశైలంలో భక్తుల దగ్గర కందనూరు నవాబు డబ్బు వసూలు చేయించే సంగతీ రాస్తాడు. కందనూరంటే మన కర్నూలే.

శివరాత్రి ముందు ఆత్మకూరు వైపు నుంచి నడిచే జనంతో కలిసి ఈ పుస్తకం మోసుకుపోయాను. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, ఆ దారి. ఆ రోజుల్లోనే అడవిలోకి వదులుతారు, అది పులుల అడవి, మామూలప్పుడు ఎవరూ దూరకండి. పెద్దచెరువు గట్టు మీద ఆ భాగం బయటికి చదువుతుంటే, పక్కన కాళ్లకి నూనె రాసుకుంటున్న కన్నడ పెద్దాయన, తెలుగు సగమే వచ్చు ఆయనకి, ఏం చదువుతున్నావని అడిగాడు. రెండు వందల ఏళ్ల కిందట ఇదే దారిలో పోయిన మనిషి రాసింది అన్నాను. "ఆయనకీ బొబ్బలు వచ్చాయా?" అన్నాడు. బోయీలు మోశారు తాతా అంటే నవ్వి, అయితే ఏం తెలుస్తుంది ఆయనకి అనేశాడు. పుస్తకం మీద నా కంప్లైంట్ కూడా అదే, మోసిన వాళ్లు ఆ కొండని ఎట్లా చూశారో ఇందులో దొరకదు. భీముని కొలను లోయలోకి దిగి మళ్లీ ఎక్కేటప్పుడు నా మోకాళ్లు వణుకుతుంటే ఆ మాటే గుర్తొచ్చింది.

ఇంకో రెండు చిన్న ఇబ్బందులు. దూరాలు ఆమడల్లో ఉంటాయి, నా దగ్గరున్న ముద్రణలో మ్యాపు లేదు. పెన్సిల్‌తో నేనే వెనక అట్ట మీద గీసుకున్నాను, ఇదిగో, వంకరగా ఉంది గానీ పనికొచ్చింది.

ఒక్క సంగతి మాత్రం ఈ టేబుల్ మీద ఎక్కడా లేదు, కలివికోడి. 1900 తర్వాత కనబడక, అంతరించిపోయిందనుకున్న పక్షి, 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. పగలు పొదల్లో దాక్కుని రాత్రి తిరుగుతుంది. ఆ ముళ్లపొదల గురించి, వాటిలో గొర్రెలు మేపుకునే వాళ్ల గురించి మంచి తెలుగు పుస్తకం కోసం మూడు అంగళ్లు తిరిగాను, పోటీ పరీక్షల గైడ్లు చూపించారు. మీ ఇళ్లలో ఏదైనా ఉంటే కింద పేరు రాయండి, కొని తెచ్చుకుంటా.

కొనేదైతే, ఒక్కటే కొనగలిగితే వీరాస్వామయ్య. కడప వైపు వాళ్లయితే కైఫియత్తులు మీ ఊరున్న సంపుటం చూసి తీసుకోండి, మొత్తం సెట్టు ఒకేసారి వద్దు. అహోబిలం పుస్తకం ఎట్లాగూ దర్శనం అయ్యాక ఎవరో ఒకరు మీ చేతిలో పెడతారు. కొండకి తీసుకుపోయేటప్పుడు పాలిథిన్ కవర్లో చుట్టండి, ఆ కవరు మళ్లీ ఇంటికి తెచ్చుకోండి, నాగలూటి దగ్గర గుట్టగా పడున్నాయి. మా వాడు కెమెరా చార్జింగ్ అయిపోయిందంటున్నాడు, ఉంటానప్పా.