వంక గట్టు పట్టాదారుదా, నదిదా?

(తిరుపతి స్టూడియో చర్చకు లిఖిత రూపం)

వ్యాఖ్యాత: నమస్కారం. స్వర్ణముఖిలో కలిసే వంకల వెంబడి పట్టా భూముల్లో కొంత మేర దున్నకుండా వదిలేలా రైతులతో ఒప్పందాలు చేసుకోవాలన్న ప్రతిపాదన చంద్రగిరి వైపు పల్లెల్లో అలజడి రేపింది. 2021 నవంబరు వరదను చూశాక కూడా అభ్యంతరం దేనికి?

రైతు నాయకుడు: వరద మేము తెచ్చింది కాదండీ. చెరువుల్లో ప్లాట్లు వేసిన వారిని వదిలేసి...

విశ్రాంత ఇంజినీరు: స్వర్ణముఖి వాన పడితేనే పారే నది. గట్ల మీద చెట్లూ పొదలూ ఉన్నచోట కొండనీరు నిదానించి ఇంకుతుంది, లేనిచోట మట్టిని కోసుకుపోయి చెరువులను...

రైతు నాయకుడు: నన్ను పూర్తి చేయనివ్వండి! మా మామిడితోటకు పడమటి హద్దు వంకే. గట్టు మీద నాలుగు కానుగ చెట్లున్నాయి. వరద వచ్చిన ఆ ఏడాది వాటి వేర్లు పట్టుకున్నంత మేర గట్టు నిలిచింది, చెట్లు కొట్టి అంచు దాకా దున్నిన పక్క చేనిలో మోకాటి లోతున ఇసుక మేట వేసింది.

వ్యాఖ్యాత: అంటే వరదే పాఠం చెప్పిందన్నమాట!

రైతు నాయకుడు: చెట్లు ఉంచింది నా ఇష్టంతో, ఎవరి సంతకంతోనూ కాదు.

న్యాయవాది: ఆ ఇష్టానికి చట్టంలోనూ చోటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణతో వచ్చిన 36సి సెక్షన్ ప్రకారం, వన్యప్రాణులనూ వాటి ఆవాసాన్నీ కాపాడేందుకు వ్యక్తి గానీ సమాజం గానీ స్వచ్ఛందంగా ముందుకొస్తే ఆ భూమిని ప్రభుత్వం కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. అయితే ఆ తరువాత భూమి వాడకం మార్చాలంటే నిర్వహణ కమిటీ తీర్మానమూ ప్రభుత్వ ఆమోదమూ కావాలి.

రైతు నాయకుడు: విన్నారా! నా చేనిలో షెడ్డు వేసుకోవడానికి నేనే అర్జీ పట్టుకుని తిరగాలి. తోతాపురికి ధర లేక కాయలు చెట్టు కిందే కుళ్లినప్పుడు ఏ కమిటీ వచ్చింది? గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు...

ఇంజినీరు: మామిడి ధర వేరే చర్చ.

న్యాయవాది: ఇలాంటి ఆంక్షకు ఒప్పుకున్నందుకు ప్రతిఫలం ఇచ్చే పద్ధతీ ఉంది. అమెరికాలో భూమిని తన పేరనే ఉంచుకుని, ప్రకృతి పరిరక్షణ కోసం అందులో కట్టడాలు కట్టే హక్కును శాశ్వతంగా వదులుకున్న యజమానికి ఆదాయపు పన్నులో మినహాయింపు దొరుకుతుంది.

రైతు నాయకుడు: మన దగ్గర సేద్యపు రాబడికి ఆ పన్నే లేదు, ఇక మినహాయింపు దేనికి?

(నవ్వులు. న్యాయవాది జవాబు వినిపించలేదు.)

వ్యాఖ్యాత: నేను మళ్లీ వరద దగ్గరికే వస్తాను...

ఇంజినీరు: వరద నాలుగు రోజులండీ, బోర్లు ఏడాది పొడవునా ఆడాలి. పైగా అడవి నుంచి దిగే జంతువులకు ఈ గుబుర్లే దారి.

రైతు నాయకుడు: అడవి పందులకూ అదే దారి! వదిలిన నేలకు ఏటా ఎంత కౌలు ఇస్తారో, ఎన్నేళ్లు ఇస్తారో ముందు కాగితం మీద రాయండి.

వ్యాఖ్యాత: ఇరుపక్షాలకూ సమానంగా అవకాశం ఇచ్చాం...

ఇంజినీరు: నా మొదటి వాక్యమే ఇంకా పూర్తి కాలేదు.

రైతు నాయకుడు: కౌలు ఎంతో చెప్పండి!

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు; రైతు నాయకుని గొంతే వినిపించింది. విరామం.)