అంచు పట్టుకున్నా ఆగని మోత: పలకలో చిక్కిన ప్రకంపనలు

[దృశ్యం: వేళ్ల కొసల మీద నిలిపిన ఇత్తడి హారతి పళ్లెం]

నమస్కారం. తిరుపతిలో పాత్రల అంగడికి వెళ్లినప్పుడు, పెద్దవాళ్లు పళ్లెం కొనే ముందు దాన్ని ఇలా మూడు వేళ్ల మీద నిలిపి, వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వినడం మీరు చూసే ఉంటారు. ఖంగుమని మోత సాగితే తీసుకుంటారు; చప్పున ఆగిపోతే ఎక్కడో పగులు ఉందని పక్కన పెట్టేస్తారు.

[దృశ్యం: మోగుతున్న పళ్లెం అంచును రెండు వేళ్లు పట్టుకుంటాయి]

అంచు పట్టుకోగానే మోత తెగిపోయింది. ప్రకంపనతో పనిచేసే సెన్సార్లకు కూడా ఇదే చిక్కు. వాటిలో కంపించే పలకను ఎక్కడో ఒకచోట మరతో బిగించక తప్పదు, బిగించిన చోటి నుంచి శక్తి కారిపోతుంది, అలా కారిపోతుంటే పలక మీద పడిన సన్నటి స్పర్శ వల్ల కలిగే మార్పు ఆ నష్టంలోనే కలిసిపోతుంది.

దీనికి దొరికిన ఉపాయం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది, ఎందుకంటే అందులో గోడ లేదు, గాడి లేదు: పలక నడుమ భాగాన్ని కాస్త మందంగా ఉంచితే చాలు.

[దృశ్యం: పలక అడ్డుకోత బొమ్మ; పై ముఖం, కింది ముఖం ఎదురెదురుగా కదులుతాయి]

పళ్లెం మోగేటప్పుడు వంగుతుంది. ఇక్కడ మనకు కావలసిన కదలిక వేరు: పలక పై ముఖం ఒక వైపుకు, కింది ముఖం దానికి ఎదురు వైపుకు జరుగుతాయి. ఇలాంటి కదలికకు ఒక కనీస పౌనఃపున్యం ఉంటుంది, అంతకు తక్కువైతే ఆ తరంగం పలక వెంట ప్రయాణించలేదు. ఉక్కులో ఈ తరంగం వేగం సెకనుకు సుమారు 3,200 మీటర్లు. మందానికి రెట్టింపుతో దాన్ని భాగిస్తే 2 మిల్లీమీటర్ల పలకకు ఆ హద్దు 800 కిలోహెర్ట్జ్. నడుమ ఒక గుండ్రటి దిమ్మెను 2.1 మిల్లీమీటర్ల మందంతో ఉంచితే అక్కడ హద్దు 762కు దిగుతుంది.

ఇప్పుడు 780 కిలోహెర్ట్జ్ వద్ద కదిలించండి. దిమ్మె లోపల తరంగానికి దారి ఉంది, బయట లేదు. దిమ్మె దాటాక ప్రతి 3 మిల్లీమీటర్లకు దాని బలం సుమారు మూడో వంతుకు పడిపోతుంది, కాబట్టి ఒకటిన్నర సెంటీమీటర్ల అవతల మర బిగించినా లోపలి ప్రకంపనకు దాని తాకిడి దాదాపు తగలదు.

[దృశ్యం: తడి వేలు దిమ్మెను తాకుతుంది]

దిమ్మె మెలి తిరిగినట్టు కదిలేలా చేస్తే మరో మేలు ఉంది. నీటికి పక్కకు జారే కదలికను మోసే బిగువు లేదు కనుక వాన చుక్క పడినా ప్రకంపన పెద్దగా తగ్గదు; వేలి చర్మం మాత్రం శక్తిని పీల్చుకుంటుంది. ప్రకంపన ఎంత త్వరగా అణగిపోతోందో కొలిస్తే వేలు తగిలిందని తెలుస్తుంది. తిరుమల తుంపరలో తడి చేతులతో నొక్కే మంచినీటి యంత్రానికి, ఉక్కు రేకుకు రంధ్రం చేయకుండానే, ఇలాంటి మీట అమర్చవచ్చు.

మందానికి బదులు బరువుతోనూ ఇది సాధ్యమే. క్వార్ట్జ్ అనే స్ఫటికపు బిళ్ల నడుమ బంగారు పూత వేస్తే ఆ బరువుకే హద్దు దిగుతుంది. షాక్లీ, కర్రన్, కోనెవల్ అనే పరిశోధకులు 1967లో ప్రచురించిన పరిశోధన, కావలసిన పౌనఃపున్యాలనే దాటనిచ్చే క్వార్ట్జ్ ఫిల్టర్లలోని ఈ బంధిత ప్రకంపనల గురించే. 5 మెగాహెర్ట్జ్ బిళ్ల మందం 0.33 మిల్లీమీటర్లు. దాని మీద చదరపు సెంటీమీటరుకు 17.7 నానోగ్రాముల పదార్థం అంటుకుంటే పౌనఃపున్యం 1 హెర్ట్జ్ తగ్గుతుంది. బరువుకూ పౌనఃపున్యానికీ ఉన్న ఈ సంబంధాన్ని సావర్‌బ్రే అనే శాస్త్రవేత్త 1959లో చూపించారు.

దిమ్మెను మరీ ఎత్తుగా చేయాలనిపిస్తుంది, కానీ అలా చేస్తే ఒకటికి బదులు అనేక ప్రకంపనలు అక్కడే చిక్కుకుని, ఏది దేని గుర్తో విడదీయలేము. అందుకే ఆ పదో వంతు మిల్లీమీటరు.