కేంద్రకం బూందీ లడ్డూ కాదు: న్యూక్లైడ్ చార్ట్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈసారి రివ్యూకి ఫోనూ లేదు, ఇయర్‌ఫోన్సూ లేవు. ఒక పటం ఉంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నెట్‌లో ఉచితంగా పెట్టిన న్యూక్లైడ్ చార్ట్. దాని పేరు లైవ్‌చార్ట్. కుదిరితే ల్యాప్‌టాప్‌లోనే తెరవండి. ఫోన్ స్క్రీన్ మీద ఇన్ని గళ్లంటే చీమల బారే.

అడ్డంగా న్యూట్రాన్ల సంఖ్య, నిలువుగా ప్రోటాన్ల సంఖ్య. ఒక్కో గడి ఒక్కో పరమాణు కేంద్రకం, అదే న్యూక్లైడ్. నల్లగా ఉన్నవి స్థిరంగా నిలబడేవి.

స్కూల్ పుస్తకంలో కేంద్రకం బొమ్మ గుర్తుందా? అచ్చం బూందీ లడ్డూ. ఎర్ర గింజలు ప్రోటాన్లు, నీలం గింజలు న్యూట్రాన్లు. నిజంగా లడ్డూయే అయితే ఇంకో గింజ అద్దితే అంటుకోవాలి కదా. ఇదిగో, హీలియం-4 మీద క్లిక్ చేస్తున్నాను. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు, నల్ల గడి. దీనికి ఒక న్యూట్రాన్ కలిపితే పక్క గడి. నలుపు కాదు. పోనీ ప్రోటాన్ కలుపుదాం, పై గడి. అదీ కాదు. మొత్తం అయిదు కణాలతో నిలబడే కేంద్రకం ఈ చార్ట్‌లో ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఇది పౌలీ నియమం పని. ఒకే రకం కణాలు రెండు ఒకే క్వాంటం స్థితిలో ఉండటానికి వీల్లేదు. హాస్టల్ అనుకోండి. ప్రోటాన్లకి ఒకటి, న్యూట్రాన్లకి ఇంకొకటి. కింది గదిలో రెండే మంచాలు, స్పిన్ (కణానికి పుట్టుకతోనే ఉండే గిరికీ లాంటి గుణం) ఇటు ఉన్నదానికి ఒకటి, అటు ఉన్నదానికి ఒకటి. మూడో న్యూట్రాన్ వస్తే మేడ ఎక్కాల్సిందే. హీలియంలో ఆ పై గదిలో పట్టి ఉంచేంత ఆకర్షణ లేదు, వచ్చినదారినే పోతుంది.

అన్నట్టు, ఒంటరి న్యూట్రాన్ అర్ధాయువు పది నిమిషాలే. మరి హీలియం లోపల ఎందుకు చెక్కుచెదరదు? అది విచ్ఛిన్నమైతే ప్రోటాన్ పుట్టాలి. ప్రోటాన్ల కింది గది అప్పటికే నిండిపోయింది. పైకి ఎక్కడానికి కావలసిన శక్తి దాని దగ్గర లేదు. నాకు ఈ ముక్క అర్థమైన రోజు ఆ లడ్డూ బొమ్మ మీద నిజంగా కోపం వచ్చింది.

ఇప్పుడు పైకి, 50వ వరుసకి వెళ్దాం. తగరం. నల్ల గళ్లు లెక్కపెట్టండి: పది! ఏ మూలకానికీ ఇన్ని లేవు. దాని పైనే ఉన్న ఆంటిమొనీకి రెండే. 2, 8, 20, 28, 50, 82, 126 అనే సంఖ్యల దగ్గర ఒక అంతస్తు పూర్తిగా నిండుతుంది. వీటినే మ్యాజిక్ సంఖ్యలంటారు.

చిక్కేమిటంటే, మామూలు లెక్క కడితే 2, 8, 20 వరకు బాగానే వచ్చి, ఆ తర్వాత 40, 70, 112 అని దారి తప్పేది. భౌతిక శాస్త్రవేత్త మరియా గెప్పర్ట్ మేయర్ దీనితో కుస్తీ పడుతుంటే, స్పిన్-ఆర్బిట్ ప్రభావం (కణం తిరుగుడుకీ దాని స్పిన్‌కీ ఉన్న లంకె) కనిపిస్తోందా అని మరో భౌతిక శాస్త్రవేత్త ఫెర్మీ అడిగారట. అంతే, ముడి వీడిపోయింది. కణం తిరిగే దిశ, దాని స్పిన్ దిశ ఒకటే అయితే శక్తి బాగా తగ్గుతుంది. పై అంతస్తులోని పది మంచాల గది కిందికి జారుతుంది. 40కి 10 కలిపితే 50! ఇది 1949 సంగతి. జర్మనీలో యెన్సెన్ బృందం విడిగా ఇదే కనిపెట్టింది. 1963లో నోబెల్‌లో సగం ఈ ఇద్దరికీ వచ్చింది. అంతకు ముందు ఎన్నో ఏళ్లు ఆవిడ జీతం లేకుండా పనిచేశారు.

ఇక నాకు బాగా నచ్చిన గడి సీసం-208. 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు, రెండూ మ్యాజిక్కే. దీన్ని కాస్త కదిలించి మొదటి ఉత్తేజిత స్థాయికి, అంటే పై మెట్టుకి, తేవాలంటే 2615 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. యురేనియం-238కి ఎంతో చూడండి, 45! ఈ 2615 కాగితం మీద అంకె మాత్రమే కాదు. మన భీమునిపట్నం, కళింగపట్నం తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం ఉంది. అది మెట్టు మెట్టుగా క్షీణిస్తూ చివరికి సీసం-208 దగ్గర ఆగుతుంది. ఆ ఆఖరి మెట్టులో థాలియం-208 ఉత్తేజిత సీసం-208గా మారి, అది కుదుటపడేటప్పుడు వచ్చే గామా కిరణం శక్తి సరిగ్గా ఇంతే. గామా స్పెక్ట్రమ్ తీసేవాళ్లకి ఆ పీక్ పాత చుట్టం.

మైనస్ ఏమిటంటే, చార్ట్ ఏది ఎలా ఉందో చెబుతుంది కానీ ఎందుకో చెప్పదు. పైగా అంచుల దగ్గర మ్యాజిక్ సంఖ్యలు కూడా మాట తప్పుతాయి. ఆక్సిజన్-28లో 8 ప్రోటాన్లు, 20 న్యూట్రాన్లు. లెక్క ప్రకారం గట్టి పిండం కావాలి. జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థలో చేసిన ప్రయోగంలో అది మొదటిసారి కనిపించింది, 2023లో ఫలితాలు వచ్చాయి. పుట్టీ పుట్టగానే నాలుగు న్యూట్రాన్లు వదిలేసి ఆక్సిజన్-24 అయిపోయింది. నిలువు 8, అడ్డం 20, వెళ్లి చూడండి. లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది.