మోటారు, ట్రాన్స్‌ఫార్మర్ నమూనాల ప్రయోగ సెట్: రివ్యూ

నమస్కారం. ఉన్నత పాఠశాల విద్యార్థుల కోసం తయారుచేసిన ఒక విద్యుదయస్కాంత ప్రయోగ సెట్‌ను ఈ వీడియోలో పరిశీలిద్దాం. ఇందులో విప్పి బిగించుకోగల డీసీ మోటారు నమూనా ఒకటి, ఇనుప కోర్‌తోను 300, 600 చుట్లున్న రెండు తీగచుట్టలతోను కూడిన ట్రాన్స్‌ఫార్మర్ నమూనా మరొకటి ఉన్నాయి.

ముందుగా మోటారు. అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినప్పుడు, దాని రెండు భుజాలలో ప్రవాహ దిశలు పరస్పరం వ్యతిరేకం కనుక బలాలు కూడా వ్యతిరేక దిశలలో పనిచేసి చుట్టను తిప్పుతాయి. అయితే ప్రతి అర్ధభ్రమణానికి ప్రవాహ దిశ మారకపోతే, చుట్ట తలం క్షేత్రానికి లంబంగా ఉండే స్థానం దగ్గర అటూ ఇటూ ఊగి ఆగిపోతుంది. ఆ మార్పును చేసేది కమ్యుటేటర్. ఈ నమూనాలో దాని రెండు అర్ధ వలయాలకు వేర్వేరు రంగులు వేశారు కాబట్టి, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ సరఫరాను వలయాలకు అందించే కదలని బ్రష్‌లలో ఏది ఎప్పుడు ఏ వలయాన్ని తాకుతోందో స్పష్టంగా చూడవచ్చు. పుస్తకంలోని బొమ్మ చూపలేని విషయమిది.

ఇక్కడితో ఆగకుండా శ్రేణిలో ఒక అమ్మీటరును కలపండి. మోటారు స్వేచ్ఛగా తిరుగుతున్నప్పుడు ప్రవాహం తక్కువగా ఉంటుంది. ఇరుసును ఒక్క క్షణం వేలితో ఆపితే అది పెరుగుతుంది. తిరిగే చుట్ట క్షేత్రాన్ని ఖండిస్తూ, సరఫరాను వ్యతిరేకించే విద్యుచ్ఛాలక బలాన్ని (అంటే ఒక వోల్టేజిని) తనలోనే ప్రేరేపించుకోవడం ఇందుకు కారణం. చుట్ట ఆగితే ఆ వ్యతిరేకత పోయి, ప్రవాహాన్ని అడ్డుకోవడానికి తీగ నిరోధం మాత్రమే మిగులుతుంది. బరువుకు బిగుసుకుపోయిన మోటారు కాలిపోయేది అందువల్లనే. ఇంత ముఖ్యమైన ప్రయోగం సెట్‌తో వచ్చిన సూచనల పుస్తకంలో లేకపోవడం నా దృష్టిలో దీని పెద్ద లోపం.

ట్రాన్స్‌ఫార్మర్ భాగం మరింత బాగుంది. 300 చుట్ల ప్రైమరీకి, అంటే సరఫరాను అందుకునే చుట్టకు, 6 వోల్టుల ఏసీ ఇస్తే, 600 చుట్ల సెకండరీలో, అంటే రెండో చుట్టలో, 12 వోల్టులకు కొద్దిగా తక్కువ వస్తుంది. కోర్ పైభాగంలోని ఇనుప పట్టీని తొలగించగానే ఆ వోల్టేజి బాగా పడిపోవడం చూస్తే, అయస్కాంత అభివాహానికి (కోర్ గుండా సాగే క్షేత్ర రేఖల మొత్తానికి) మూసిన ఇనుప మార్గం ఎందుకు అవసరమో వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. ఏసీకి బదులు బ్యాటరీని కలిపితే, స్విచ్ వేసినప్పుడు, తీసినప్పుడు మాత్రమే సెకండరీకి కలిపిన, స్వల్ప ప్రవాహాన్ని కూడా చూపే గాల్వనోమీటరు ముల్లు కదులుతుంది. 1831లో ఇనుప వలయానికి రెండు తీగచుట్టలు చుట్టి మైకేల్ ఫారడే గమనించింది సరిగ్గా ఇదే. బ్యాటరీని ఎక్కువసేపు కలిపి ఉంచకండి. మారని అభివాహం ప్రైమరీలోనూ వ్యతిరేక వోల్టేజిని పుట్టించలేదు కనుక చుట్ట వేడెక్కుతుంది. ఆగిపోయిన మోటారుకు, డీసీకి కలిపిన ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎదురయ్యే చిక్కు ఒక్కటే.

ఈ పోలిక ఇంకొంచెం ముందుకు సాగుతుంది. సెకండరీకి బల్బును కలపగానే అందులోని ప్రవాహం కోర్ అభివాహాన్ని తగ్గించబోతుంది. దాన్ని భర్తీ చేయడానికి ప్రైమరీ సరఫరా నుంచి అదనపు ప్రవాహాన్ని తీసుకుంటుంది. మోటారుపై భారం పెరిగితే వేగం తగ్గి, వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం తగ్గి, ప్రవాహం పెరుగుతుంది. శక్తి నిత్యత్వ నియమాన్ని రెండు యంత్రాలూ పాటించే తీరును అమ్మీటరు ముల్లులోనే చూడగలగడం ఎంతో విలువైన అనుభవం.

కోర్‌ను పలుచని రేకులతో చేశారు. కోర్ ఇనుములోనే పుట్టి దాన్ని వేడెక్కించే ఎడ్డీ ప్రవాహాలను తగ్గించడానికి అదే సరైన పద్ధతి. పోల్చి చూడటానికి ఒక ఘన ఇనుప కోర్‌ను కూడా ఇచ్చి ఉంటే, ఏది ఎక్కువ వేడెక్కుతుందో విద్యార్థులే తెలుసుకునేవారు.

పదో తరగతికి ఈ సెట్‌ను నేను సిఫారసు చేస్తున్నాను. అయితే అమ్మీటర్లు ఇందులో లేవు కాబట్టి, డీసీకి ఒకటి, ఏసీకి ఒకటి విడిగా సమకూర్చుకోవాలి. తీగచుట్టలను గోడ సాకెట్‌కు ఎన్నడూ నేరుగా కలపకుండా, ప్రయోగశాలలోని తక్కువ వోల్టేజి సరఫరాను ఉపాధ్యాయుల సమక్షంలో మాత్రమే వాడండి.