కొండ మీది నిప్పుకు మన పూచీ

వేదిక మీద ఉన్న సర్పంచ్ గారికి, ప్రధానోపాధ్యాయులు గారికి, అగ్నిమాపక కేంద్రం నుంచి శ్రమపడి వచ్చిన సిబ్బందికి, పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, దాళ్వా కోతలు పక్కనపెట్టి వచ్చిన రైతు సోదరులకు, వెనక బల్లల మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం. పేరు చెప్పని పెద్దలు మన్నించాలి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ ప్రాణాలు విడిచినవారిని తలచుకుంటూ ఏటా ఈ అగ్నిమాపక వారోత్సవాలు జరుపుకుంటున్నాం. వారికి నా నివాళి.

గ్యాస్ సిలిండర్లు, తాటాకిళ్లు, గడ్డివాముల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. వాటి సంగతి ఇందాక అధికారి గారు చేసి మరీ చూపించారు. నేను ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాల మాస్టారుగా పనిచేసి వచ్చినవాణ్ణి. అగ్నిప్రమాదం అంటే నాకు మారేడుమిల్లి వైపు కొండలే గుర్తొస్తాయి. ఆ మాట ఎత్తితే "ఆ కొండలెక్కడ, మన కోనసీమ ఎక్కడ మాస్టారూ" అంటారు. అందుకే ఇవాళ ఎత్తుతున్నాను.

ఫిబ్రవరి దాటిందంటే అక్కడ అడవి ఆకు రాలుస్తుంది. నేలంతా ఎండుటాకే. మన తూర్పు కనుమల్లో మంట చాలావరకు చెట్ల కొనలకు ఎగబాకదు, నేలమీది ఆకును తింటూ పోతుంది. ఎత్తుకు పోయేకొద్దీ దాని వేగం పెరుగుతుంది. కింది మంట సెగకు పైనున్న ఆకు ముందే ఎండి సిద్ధంగా ఉంటుంది కదా! కాలిన మొద్దు దొర్లి కిందపడితే అక్కడ మళ్లీ కొత్త మంట. వెదురు గణుపులు పేలుతుంటే పిల్లలకు నిద్ర ఉండదు. పగలు పొగ పైకి లేస్తుంది. రాత్రి చల్లగాలి వాలు వెంట లోయలోకి దిగుతుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ ఇక ఎటూ పోదు. తెల్లవారి ఎండ ఎక్కేదాకా గూడెమంతా దగ్గే. మా హాస్టల్ కిటికీలకు తడి దుప్పట్లు కట్టేవాళ్లం.

ఒక ఏడాది బడి వెనక కొండ అంటుకుంది. అడవి మంటలు కనిపెట్టి ఆర్పడానికి వేసవికని పెట్టుకున్న ఫైర్ వాచర్ ఒకడు, కొండరెడ్డి తెగ కుర్రవాడు, మా పెద్దపిల్లలనూ నన్నూ వెంటబెట్టుకుని ఆకు ఊడ్చి నేల బయటపడేలా బాట తీయించాడు. పచ్చి కొమ్మతో మంటను కొట్టాడు. పొగ కమ్మినప్పుడు బోర్లా పడుకుని నేలకు ముఖం ఆనించి ఊపిరి తీసుకునేవాడు. మంట ఆరాక కూడా మొద్దు మొద్దుకూ వెళ్లి చెయ్యి తిరగేసి ఆనించి వేడి చూశాడు. తెల్లవారాక తువ్వాలు విప్పితే ముక్కూ నోరూ ఉన్నచోట రెండు నల్లటి మరకలు! మైదానం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ కుర్రవాడి ఎదుటే "వీళ్లే తగలబెట్టుకుంటారు, వీళ్లే ఆర్పుతారు" అన్నాడు.

మంట మొదలైన చోటు మేం చూశాం. రోడ్డుకు నాలుగడుగుల దూరంలో మూడు రాళ్లు, చీల్చి పారేసిన బొంగులు, విస్తరాకులు, సీసాలు. బొంగు చికెన్ వండుకుని, నిప్పు ఆర్పకుండా కార్లెక్కి వెళ్లిపోయినవాళ్ల పని అది. ఆ కార్లు ఎక్కడివండీ? మన జిల్లాలవి కావా? ఈ సభలో ఎవరూ అక్కడికి పిక్నిక్ వెళ్లలేదా?

ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టేవారున్నారు. తునికాకు చిగురు కోసం నిప్పు పెట్టేవారున్నారు. పోడు ఉంది. కాదనను. కాని వాళ్ల నిప్పుకు పేరు పెట్టి పిలుస్తాం, మన నిప్పుకు పేరే ఉండదు. నన్ను బాధించేది అదే.

అడవిలో రాలిన ఆ ఆకు కుళ్లితేనే నేల నీటిని పట్టి ఉంచుతుంది. అది కాలిపోతే తొలకరికి బూడిద, మట్టి వాగుల్లో పడతాయి. పాపికొండల వాగులు గోదావరిలోనే కలుస్తాయి. ధవళేశ్వరం దాటి మన కాలవల్లోకి వచ్చే నీరు అదే.

గడ్డి సంగతి కూడా చెప్పాలి. కోత యంత్రాలు వచ్చాక గడ్డి చేలోనే మిగులుతోంది, అగ్గిపుల్ల గీసేస్తున్నాం. పశువుల మేత అది, చేనికి సత్తువ అది. దయచేసి కాల్చకండి.

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహం పట్టిన వేడిచుక్కను చూసి అటవీశాఖ వారికి ఫోనులో సందేశం పంపుతుంది. మంచిదే. కాని ఆ చుక్క దాకా కొండెక్కేది మనిషే. పొగలో రెండున్నర మైక్రాన్ల కన్నా సన్నటి రేణువులుంటాయి, ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. తడి తువ్వాలు వాటిని ఆపలేదు. సరిగ్గా బిగించి కట్టుకుంటే ఎన్-95 మాస్కు చాలావరకు ఆపుతుంది.

గుమ్మం దగ్గర బల్ల మీద ఒక అట్టపెట్టె పెట్టించాను. డబ్బు వేయవద్దు, ఎన్-95 మాస్కులు వేయండి. సోమవారం ఏజెన్సీకి వెళ్లే మాస్టారు ఒకరు తీసుకెళ్లి వాచర్లకు ఇస్తారు. హాస్టల్ పిల్లల కోసం చిన్న సైజువి కూడా కావాలి.