చెత్త నేలలో పాత నాణేలు: 6 అంగుళాల కాయిల్ రివ్యూ

నమస్తే అండి. ఈ వీడియో మెటల్ డిటెక్టర్ గురించి కాదు, దానికి తగిలించే 6 అంగుళాల చిన్న కాయిల్ గురించి. కాయిల్ అంటే కర్ర చివర ఉండే, నేల మీద ఊపే గుండ్రటి పళ్లెం. మెషిన్ మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800. దాంతోపాటు వచ్చేది 11 అంగుళాల కాయిల్, చిన్నది విడిగా కొనాలి. ఆ డబ్బు పెట్టొచ్చా? చెత్త ఉన్న నేల అయితే తప్పకుండా పెట్టొచ్చు.

నేను తిప్పింది గుత్తి దగ్గర మా మామ పొలంలో, ఒకప్పుడు సంత జరిగిన చోట. సంతలో చిల్లర రాలుతుంది, నిజమే. కానీ అక్కడే ఎద్దులకు లాడాలు కొట్టారు, కొలిమి పెట్టారు. ఎటు చూసినా మేకులు, ఇనుప చిట్టెం. పైన బీరు మూతలు, మాత్రల రేకులు.

ఇలాంటి చోట పెద్ద కాయిల్ కింద మేకు, నాణెం రెండూ ఒకేసారి పడతాయి. ఇనుము సిగ్నల్ నాణేన్ని కప్పేస్తుంది. మనం ఇనుమును వద్దని సెట్ చేసి ఉంటే మెషిన్ అసలు మోగకపోవచ్చు. అక్కడ ఏమీ లేదనుకుని ముందుకు వెళ్లిపోతాం. చిన్న కాయిల్ చూసే జాగా తక్కువ, అందుకే రెండింటినీ విడదీస్తుంది. దీనికి తోడు రికవరీ స్పీడ్, అంటే ఒక సిగ్నల్ తర్వాత ఇంకోదానికి మెషిన్ సిద్ధమయ్యే వేగం, పెంచాలి. ఇందులో 1 నుంచి 8 దాకా ఉంది, నేను 7లో పెట్టాను. కాయిల్‌ని నిదానంగా, నేలకు దగ్గరగా ఊపండి. మన ఎర్ర నేలల్లో ఇనుము ఎక్కువ కాబట్టి ముందు గ్రౌండ్ బ్యాలెన్స్ చేసుకోండి, అంటే మట్టిలోని ఇనుముకు మెషిన్ మోగకుండా సరిచేసుకోండి.

సిగ్నల్ రాగానే తవ్వకండి. పక్కకు తిరిగి అడ్డంగా ఊపి చూడండి. కింద ఉన్న లోహం ఏదో సూచిస్తూ మెషిన్ తెర మీద వచ్చే నంబర్ రెండు వైపులా నిలకడగా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. బీరు మూత, వంగిన మేకు అయితే సాధారణంగా నంబర్ ఎగిరి దూకుతుంది. నాకు చిల్లు కాణీ దొరికింది అలాగే, మేకు పక్కనే! 1943 నుంచి 1947 దాకా కొట్టిన కంచు నాణెం అది. చేతిలోకి తీసుకుంటే ఎంత సంతోషమో చెప్పలేను.

అల్యూమినియం పైసల విషయంలో మాత్రం ఏ కాయిల్ అయినా కష్టమే. పలకల అయిదు పైసలు, వంపుల అంచు పది పైసలు మాత్రల రేకుల నంబర్లకు దగ్గరగా పలుకుతాయి. అవి కావాలంటే రేకులు కూడా తవ్వాల్సిందే.

చిన్న కాయిల్‌తో లోతు తగ్గుతుంది, ఎకరాలు తిరగాలంటే పొద్దు చాలదు. చెత్తలేని బీడు భూమికైతే పెద్దదే వాడండి.

ఇంకో మాట, దీన్ని దయచేసి దాటేయకండి. గుత్తి కోట రక్షిత కట్టడం, అక్కడికి మెషిన్ తీసుకెళ్లొద్దు. గుప్తనిధుల పేరుతో మన సీమలో గుళ్లను తవ్వి పాడుచేస్తుంటే కడుపు మండుతుంది. సొంత పొలమైనా, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగిన పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. పొలం యజమాని అనుమతి అడగండి, తవ్విన గుంత పూడ్చండి, తీసిన మేకులు, మూతలు సంచిలో వేసుకుని బయటికి తెచ్చేయండి. లేకపోతే వచ్చేసారి అవే మళ్లీ మోగుతాయి.